చిన్న కమతం, సొంత ఆహార యూనిట్: సబ్సిడీ తెచ్చుకునే దారి మెట్టు మెట్టుగా

రెండు మూడు ఎకరాల్లో కూరగాయలో, కొర్రలో, వేరుశనగో పండించి, దళారికి కాకుండా నేరుగా తినేవాళ్లకే అమ్ముకోవాలనుకునే రైతు మొదట అడిగేది "సబ్సిడీ ఎంత వస్తుంది?" అని. దానికి జవాబు ఏ ఫ్లెక్సీ మీదైనా దొరుకుతుంది. దొరకని జవాబులు వేరే ఉన్నాయి. ఆ డబ్బు ఎప్పుడు వస్తుంది? ఎవరి ఖాతాలో పడుతుంది? వచ్చేదాకా ఎవరి డబ్బు తిరగాలి? ఈ మూడూ తెలియక మంజూరైన యూనిట్లు మధ్యలో ఆగిపోతాయి, కొన్నిచోట్ల మెషీన్లు కొన్నాక దరఖాస్తు తిరిగి వచ్చేస్తుంది. అందుకే ఇక్కడ పథకాల జాబితా కంటే పనుల వరుసకే ఎక్కువ చోటు ఇచ్చాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

మొదటి మెట్టు: మీ అవసరం ఏ గూటిలోదో తేల్చుకోండి

ఒకే పథకం అన్నిటికీ డబ్బు ఇవ్వదు. పొలంలో పెట్టే ఖర్చుకు ఒక శాఖ, కోత తర్వాత పనికి ఇంకో శాఖ, గుంపుగా చేసే పనికి మరో సంస్థ ఉంటాయి. వీటిని కలగలిపి అడిగితే ఏ ఆఫీసులోనూ సూటిగా జవాబు రాదు.

పొలంలో ఖర్చు అంటే డ్రిప్, షేడ్‌నెట్, పందిళ్లు, పనిముట్లు. డ్రిప్, స్ప్రింక్లర్లకు కేంద్రం లెక్క ప్రకారం సన్న, చిన్నకారు రైతులకు యూనిట్ ఖర్చులో 55 శాతం, మిగతావారికి 45 శాతం. దీని మీద రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి కాబట్టి మన దగ్గర రైతు కట్టేది చాలావరకు తక్కువే. ఒకసారి ఒక సర్వే నంబరుకు డ్రిప్ తీసుకుంటే అదే భూమికి మళ్లీ ఏడేళ్ల దాకా రాదు. నాసిరకం పైపులు వేయించుకుని రెండేళ్లకే పీకేసేవాళ్లు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి. షేడ్‌నెట్, శాశ్వత పందిళ్లు, పొలం దగ్గర ప్యాక్ హౌస్ లాంటివి ఉద్యాన మిషన్ కింద వస్తాయి. చాలావాటికి ప్రభుత్వం ఖరారు చేసిన యూనిట్ ఖర్చులో సగం ఇస్తారు. ఇక్కడ "ప్రభుత్వం ఖరారు చేసిన" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. మీకు మూడు లక్షలు ఖర్చయినా, వాళ్ల లెక్కలో యూనిట్ ఖర్చు రెండు లక్షలే అయితే మీకొచ్చేది లక్షే. పనిముట్లకు యాంత్రీకరణ పథకంలో సన్న, చిన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం దాకా, మిగతావారికి 40 శాతం దాకా ఉంటుంది.

వీటన్నిటికీ గుమ్మం ఒక్కటే. ఆంధ్రాలో రైతు సేవా కేంద్రం, అక్కడి వ్యవసాయ లేదా ఉద్యాన సహాయకులు. తెలంగాణలో రైతు వేదిక, వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ), మండలానికి లేదా డివిజన్‌కు ఉండే ఉద్యాన అధికారి. ఏప్రిల్‌లో ఆర్థిక సంవత్సరం మొదలయ్యాక టార్గెట్లు జిల్లాలకు వస్తాయి. అవి వచ్చేలోగానే పేరు రాయించుకుని కాగితాలు సిద్ధంగా ఉంచుకున్నవాళ్లకు ముందు అందుతుంది. ఫిబ్రవరిలో వెళ్లి అడిగితే "ఈ ఏడాది టార్గెట్ అయిపోయింది" అన్న మాటే వినపడుతుంది.

ప్రకృతి వ్యవసాయానికి జాతీయ మిషన్ కింద ఎంపికైన క్లస్టర్లలో రైతుకు ఒక ఎకరా వరకు ఏడాదికి రూ.4,000 చొప్పున రెండేళ్లు ప్రోత్సాహకం ఉంది. అది ఒక్కరుగా వెళ్లి దరఖాస్తు పెట్టుకునేది కాదు. మీ ఊరు క్లస్టర్‌లో ఉండాలి.

కోత తర్వాత పని అంటే గానుగ, పిండిమర, చిరుధాన్యాల పొట్టు తీసే మెషీన్, పచ్చళ్లు, బెల్లం, ఎండబెట్టిన కూరగాయలు. రైతుకు నాలుగు రూపాయలు మిగిలేదీ ఇక్కడే, కాగితాల చిక్కులు ఎక్కువ ఉండేదీ ఇక్కడే. కాబట్టి మిగతా వ్యాసం చాలావరకు దీని గురించే.

ఆహార యూనిట్‌కు రెండు పెద్ద దారులు

మొదటిది ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకం. అందరూ పీఎంఎఫ్ఎంఈ అంటారు. 2020 జూన్‌లో కేంద్ర ఆహార శుద్ధి మంత్రిత్వ శాఖ మొదలుపెట్టింది, ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరిస్తాయి. అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, ఒక యూనిట్‌కు గరిష్ఠంగా రూ.10 లక్షలు సబ్సిడీ. మీ చేతి డబ్బు కనీసం 10 శాతం ఉండాలి, మిగతాది బ్యాంకు లోను. కుటుంబానికి ఒక్కరే అర్హులు. కుటుంబం అంటే మీరు, మీ జీవిత భాగస్వామి, పిల్లలు. భూమి కొన్న ఖర్చు లెక్కలోకి రాదు. షెడ్డు లాంటి నిర్మాణం మొత్తం అర్హమైన ఖర్చులో 30 శాతం దాటకూడదు. అంటే ఇది ప్రధానంగా మెషీన్ల కోసం పెట్టిన పథకం. పెద్ద షెడ్డు కట్టేసి దాంట్లో చిన్న మెషీన్ పెడదామనుకునేవారికి సరిపోదు.

జిల్లాకొక ఉత్పత్తి అని ఈ పథకంలో ఒక జాబితా ఉంది. మీ జిల్లా పంట అందులో ఉంటే బ్రాండింగ్, మార్కెటింగ్ లాంటి అదనపు సాయాల్లో మొదటి వరుస మీది.

రెండోది ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం, పీఎంఈజీపీ. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్, ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం చూస్తాయి. గ్రామీణ ప్రాంతంలో జనరల్ కేటగిరీ పురుషులకు 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం. జనరల్ వారు పది శాతం సొంత డబ్బు పెట్టాలి, మిగతా వర్గాలవారికి ఐదు శాతం చాలు. తయారీ యూనిట్ అయితే ప్రాజెక్టు రూ.50 లక్షల దాకా ఉండొచ్చు. అయితే ఇది కొత్త యూనిట్లకే. ఇప్పటికే పచ్చళ్లు చేసి అమ్ముతూ, దాన్ని పెంచుకోవాలనుకునేవారికి పీఎంఎఫ్ఎంఈ నప్పుతుంది.

నా అభిప్రాయం అడిగితే, చేతిలో డబ్బు తక్కువగా ఉన్న మహిళా రైతు కొత్తగా మొదలుపెడుతుంటే పీఎంఈజీపీ ముందు చూడమంటాను, ఐదు శాతంతో పని మొదలవుతుంది కాబట్టి. ఒకే మెషీన్‌కు రెండు పథకాల్లో సబ్సిడీ తీసుకోవడం మాత్రం కుదరదు. ఆధార్‌తో పట్టుబడుతుంది.

ఈ రెండు పథకాలూ 2025-26 దాకా మంజూరైనవి. గడువు పొడిగింపులు, బడ్జెట్ విడుదలలు ఏటా మారతాయి కాబట్టి పోర్టల్‌లో దరఖాస్తు ఇప్పుడు తెరిచి ఉందో లేదో చూసుకున్నాకే మిగతా పని పెట్టుకోండి.

రెండో మెట్టు: కాగితం మీద మీరెవరు?

సగం దరఖాస్తులు ఇక్కడే తడబడతాయి. ఆధార్‌లో "వెంకట రమణ", పట్టాదారు పాసుపుస్తకంలో "రమణయ్య", బ్యాంకు ఖాతాలో "వి.రమణ" ఉంటే ముగ్గురు మనుషుల కింద లెక్క. దరఖాస్తు పెట్టక ముందే సరిచేయించుకోండి. తర్వాతైతే ఒక్క అక్షరం కోసం నెలలు పోతాయి.

పొలం పథకాలకు ఆంధ్రాలో 1బీ, అడంగల్, తెలంగాణలో భూభారతిలోని వివరాలు, రైతు గుర్తింపు సంఖ్య కావాలి. భూమి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉండి ఆయన కాలం చేసి ఉంటే, ముందు వారసత్వంగా మీ పేరుకు మార్పించుకోవడం (విరాసత్ మ్యుటేషన్) తప్పదు. కౌలు రైతుకు ఆంధ్రాలో సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు) కార్డు ఉంటుంది. దాంతో పంట సంబంధ సాయం కొంత అందుతుంది కానీ, డ్రిప్ లాంటి శాశ్వత పనులకు భూ యజమాని ఒప్పుకోలు కావాలి. ఆహార యూనిట్ పథకాలకు మాత్రం సాగుభూమి ఉండి తీరాలని లేదు. షెడ్డు అద్దెకు తీసుకున్నా చాలు, లీజు ఒప్పందం రాసుకుంటే సరి. కౌలు రైతులకు ఇది పెద్ద వెసులుబాటు. ఎందుకో దీని గురించి పెద్దగా ఎవరూ చెప్పరు.

సబ్సిడీ నేరుగా ఖాతాలో పడే పథకాలకు ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు మ్యాప్ అయి ఉందో చూసుకోండి. చాలామందికి ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాకు అది తగిలి ఉంటుంది. డబ్బు అక్కడ పడుతుంది, మనం ఇక్కడ ఎదురుచూస్తుంటాం.

సిబిల్ స్కోరు కూడా ఇప్పుడే తీయించండి. పాత బంగారు లోను, బంధువుకు పెట్టిన జామీను, కట్టకుండా వదిలేసిన ఫోన్ ఈఎంఐ, అన్నీ అందులో కనిపిస్తాయి. ఉద్యం, అంటే చిన్న సంస్థగా నమోదయ్యే రిజిస్ట్రేషన్, పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే పావుగంట పని. దానికి వెయ్యి రూపాయలు తీసుకునేవాళ్లున్నారు. ఇవ్వకండి.

మూడో మెట్టు: సబ్సిడీ లేకుండా లెక్క వేయండి

మొత్తం దారిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బ్యాంకు కోసం ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) ఎవరో ఒకరు రాసిపెడతారు. మీ కోసం లెక్క మీరే వేసుకోవాలి. అనంతపురం వైపు మూడెకరాల వేరుశనగ రైతు చెక్క గానుగ పెట్టాలనుకున్నాడనుకుందాం. ధరలన్నీ లెక్క కోసం వేసుకున్నవే, మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

ప్రాజెక్టు ఖర్చు రూ.8 లక్షలు. పది శాతం సొంత డబ్బు రూ.80 వేలు. బ్యాంకు లోను రూ.7.20 లక్షలు. 35 శాతం సబ్సిడీ రూ.2.80 లక్షలు. ఇప్పుడు అసలు సంగతి: ఈ రూ.2.80 లక్షలు మీ చేతికి రాదు. మీ లోను ఉన్న బ్యాంకులో మీ పేరిట విడిగా ఒక ఖాతాలో ఉంచుతారు. ఆ మేరకు లోను మీద బ్యాంకు వడ్డీ వేయకూడదు. లోను చివరి విడత ఇచ్చిన నాటి నుంచి మూడేళ్లు గడిచి, అప్పటికి యూనిట్ నడుస్తూ, ఖాతా సక్రమంగా ఉంటే అప్పుడు దాన్ని లోనులో జమ వేస్తారు. బ్యాంకోళ్లు బ్యాక్ ఎండెడ్ సబ్సిడీ అనేది దీన్నే. పీఎంఈజీపీలోనూ మూడేళ్ల తాళం ఉంది. మధ్యలో ఖాతా మొండి బాకీ (ఎన్‌పీఏ) అయితే సబ్సిడీ వెనక్కి పోయే ప్రమాదం ఉంది.

11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే, మొత్తం రూ.7.20 లక్షల మీద నెలకు ఈఎంఐ సుమారు రూ.15,650. సబ్సిడీ తీసేసి రూ.4.40 లక్షల మీద లెక్కిస్తే సుమారు రూ.9,570.

ఇక గానుగ. పది కిలోల గింజలు కిలో రూ.120 చొప్పున రూ.1,200. వాటి నుంచి దాదాపు నాలుగు కిలోల నూనె, అంటే రమారమి 4.37 లీటర్లు. లీటరు రూ.300 చొప్పున రూ.1,310 దాకా. పశువుల దాణాకు పోయే పిండి ఐదున్నర కిలోలు, కిలో రూ.40 చొప్పున రూ.220. మొత్తం రూ.1,530. గింజల ఖర్చు పోగా రూ.330. సీసాలు, లేబుళ్లకు రూ.55, కరెంటు, కూలికి రూ.75 తీసేస్తే పది కిలోల మీద రూ.200 మిగులు.

పూర్తి ఈఎంఐ కట్టాలంటే ఇలాంటివి నెలకు దాదాపు 80 వాయిలు ఆడించాలి. 800 కిలోల గింజలు, 350 లీటర్ల నూనె. ఇంకా మీ ఇంటికి ఒక్క రూపాయి రాలేదు, ఇది బ్యాంకుకే. మూడెకరాల్లో ఎకరాకు ఆరు క్వింటాళ్ల కాయలు పండాయనుకున్నా, 70 శాతం గింజ పడితే మొత్తం 1,260 కిలోలు. మీ సొంత పంట నెలన్నరకే అయిపోతుంది. మిగతా పదిన్నర నెలలు గింజలు కొనాలి. కొనడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు మెషీన్ లోనులో ఉండదు, వర్కింగ్ క్యాపిటల్‌గా విడిగా అడగాలి.

కాబట్టి తేల్చుకోవాల్సింది "నెలకు 350 లీటర్లు కొనేవాళ్లు నాకున్నారా?" అన్నది. ఉంటే ముందుకెళ్లండి. లేకపోతే రూ.8 లక్షల ప్రాజెక్టును చిన్నది చేయండి, లేదా ముందు ఆరు నెలలు వేరేవాళ్ల గానుగలో కూలికి ఆడించి, మీ పేరుతో అమ్మి చూడండి. వంద లీటర్లు కూడా కదలకపోతే సబ్సిడీ మిమ్మల్ని ఆదుకోలేదు. సబ్సిడీ ఎక్కువ రావాలని ప్రాజెక్టును పెంచమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. పెరిగిన దాంట్లో 35 పైసలు ప్రభుత్వానివి, 65 పైసలు మీవి.

నాలుగో మెట్టు: కొటేషన్లు తెచ్చుకోండి, మెషీన్ మాత్రం కొనకండి

మంజూరు కాక ముందు కొన్న మెషీన్‌ను బ్యాంకు తన లోనులోకి తీసుకోవడం కష్టం. సబ్సిడీ లోనుతో ముడిపడింది కాబట్టి అదీ పోతుంది. ఆఫర్ ఉందని కంపెనీవాళ్లు తొందర పెడతారు. అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

జీఎస్టీ నంబరున్న రెండు మూడు కంపెనీల నుంచి కొటేషన్ తీసుకోండి. అందులో మెషీన్ మోడల్, గంటకు ఎంత పని చేస్తుంది, మోటారు హెచ్‌పీ, బిగించే ఖర్చు, వారంటీ విడివిడిగా ఉండాలి. మోటారు హెచ్‌పీ ఎందుకంటే కరెంటు కనెక్షన్ దాన్ని బట్టే తీసుకోవాలి. వ్యవసాయ ఉచిత విద్యుత్ కనెక్షన్ మీద గానుగ నడపడం నేరం. షెడ్డుకు విడిగా పరిశ్రమ కేటగిరీలో కనెక్షన్ కావాలి. త్రీ ఫేజ్ లైను దూరంగా ఉంటే స్తంభాల ఖర్చు మీ మీదే పడుతుంది. దాన్ని ముందే కరెంటు సంస్థ (డిస్కం) ఆఫీసులో అడిగి ప్రాజెక్టులో రాయించండి. చిరుధాన్యాల మెషీన్ కొనేవాళ్లు మీ పంట గింజలు ఒక బస్తా తీసుకెళ్లి, అదే మోడల్ మీద ఆడించి చూడకుండా కొటేషన్ మీద సంతకం పెట్టొద్దు. కొర్రకు బాగా ఆడేది సామకు నూక చేస్తుంది.

ఐదో మెట్టు: దరఖాస్తు

పీఎంఎఫ్ఎంఈలో దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. జిల్లా రిసోర్స్ పర్సన్, అందరూ డీఆర్‌పీ అంటారు, మీకు సాయం చేయడానికే ఉన్నారు. డీపీఆర్ రాయడం, పోర్టల్‌లో ఎక్కించడం, బ్యాంకుతో మాట్లాడటం, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ దాకా వాళ్ల పనే. దానికి వాళ్లకు పథకం నుంచే ఫీజు అందుతుంది, అదీ మీ లోను మంజూరయ్యాక. మీరు ఇవ్వాల్సింది ఏమీ లేదు. మండలంలో మీ ఊరు చూసే డీఆర్‌పీ ఎవరో పోర్టల్‌లోనే దొరుకుతుంది.

దరఖాస్తు డీఆర్‌పీ నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి, అక్కడి నుంచి మీరు ఎంచుకున్న బ్యాంకు శాఖకు పోతుంది. బ్యాంకు ఎంచుకునేటప్పుడు మీ పొదుపు ఖాతా, పంట లోను ఉన్న శాఖనే పెట్టండి. టౌన్‌లో పెద్ద శాఖ అయితే తొందరగా అవుతుందనుకుంటారు చాలామంది. మీ పంట లోను రెన్యువల్ చరిత్ర చూసిన మేనేజర్‌కు మీ గురించి కొత్తగా చెప్పాల్సిన పని ఉండదు.

"సబ్సిడీ మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే అది మోసం. అసలు పోర్టల్ చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. అచ్చం అలాంటివే నకిలీవి తిరుగుతున్నాయి.

ఆరో మెట్టు: బ్యాంకు మేనేజర్ ముందు

మేనేజర్ టెన్షన్ ఒక్కటే: లోను తిరిగి వస్తుందా? పథకం గొప్పతనం గురించి ఆయనకు చెప్పక్కర్లేదు. మీరు ఇప్పటికే ఎంత అమ్ముతున్నారో చూపించండి. ఫోన్‌పే, గూగుల్ పే స్టేట్‌మెంట్, రైతు బజార్‌లో రోజువారీ అమ్మకాల పుస్తకం, ఇద్దరు ముగ్గురు కిరాణా షాపులవాళ్లు తీసుకుంటామని రాసిచ్చిన కాగితం. ఇవి డీపీఆర్‌లోని ఐదేళ్ల అంచనా పట్టికల కన్నా బాగా పనిచేస్తాయి.

పూచీకత్తు గురించి: సూక్ష్మ, చిన్న సంస్థలకు కనీసం పది లక్షల దాకా లోనుకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. అంతకు మించిన వాటికి కూడా సీజీటీఎంఎస్ఈ అనే ట్రస్టు బ్యాంకుకు ఇచ్చే గ్యారంటీ ఉంది. పొలం కాగితాలు పెట్టమంటే ఈ మాట మర్యాదగా గుర్తుచేయండి. "లేదు" అంటే కారణం రాసివ్వమనండి. రాసివ్వాల్సి వస్తే చాలా "లేదు"లు "చూద్దాం"లు అవుతాయి.

బ్యాంకు కదలకపోతే ముందు జిల్లాలోని బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజర్‌ను కలవండి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి జరుగుతాయి. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు వస్తుంది, ఆ నంబరుతో వెంటపడొచ్చు. బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. లోను ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం చివరికి బ్యాంకు నిర్ణయమే. స్కోరు నిజంగానే దెబ్బతిని ఉంటే ఈ గడపలన్నీ ఎక్కినా లాభం లేదు. పాత బాకీ తీర్చి కొన్నాళ్లకు రండి.

ఏడో మెట్టు: కొనుగోలు, బిగింపు, తనిఖీ

లోను డబ్బు చాలావరకు కంపెనీకే నేరుగా పోతుంది. మీ పది శాతం కూడా బ్యాంకు ద్వారానే కట్టండి, నగదు ఇస్తే రుజువుండదు. బిల్లులో మెషీన్ సీరియల్ నంబరు ఉండాలి, అది మెషీన్ మీద ఉన్నదానితో సరిపోవాలి. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట చూసేది ఇదే. షెడ్డు, మెషీన్, పని జరుగుతున్న ఫొటోలు లొకేషన్‌తో సహా తీసి దాచుకోండి. పథకం పేరుతో బోర్డు పెట్టమంటే పెట్టండి, ఆ బోర్డు లేదని ఫైలు ఆగిన సందర్భాలున్నాయి.

ఎనిమిదో మెట్టు: మూడేళ్లు

అమ్మకానికి ముందే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోండి. తన పొలంలో పండినదాన్ని పండినట్టే అమ్మే రైతుకు అది అవసరం లేదు. టమాటాను టమాటాగా అమ్మితే అక్కర్లేదు, పచ్చడి చేసి సీసాలో పెడితే కావాలి. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, నికర పరిమాణం, ఎంఆర్‌పీ, చిరునామా, శాకాహార గుర్తు ఉండాలి. నూనెను విడిగా కొలిచి పోయడానికి, రాష్ట్రం ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప, చట్టం ఒప్పుకోదు. ప్యాక్ చేసే అమ్మాలి. ఊళ్లో అందరూ క్యాన్ తెచ్చుకుని పోయించుకుంటారు కదా అంటారేమో, తనిఖీ వచ్చిన రోజున ఆ మాట నిలవదు.

ఈఎంఐ తేదీని అమ్మకాల ఊపు ఉండే రోజులకు దగ్గరగా పెట్టించుకోండి. తొంభై రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, సబ్సిడీ ప్రమాదంలో పడుతుంది. ఏదైనా నెల కష్టమని తెలిస్తే ముందే మేనేజర్‌కు చెప్పి గడువు మార్పించుకోవడం మేలు. మూడేళ్లు పూర్తయ్యే నెలను క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ నెల మీరే బ్యాంకుకు వెళ్లి సబ్సిడీ జమ వేయమని అర్జీ ఇవ్వండి. అప్పటికి మేనేజర్ మారిపోయి ఉంటాడు, కొత్తాయనకు మీ సబ్సిడీ సంగతి తెలియదు.

గుంపుగా వెళ్లేవారికి

డ్వాక్రా సంఘంలో ఉన్న మహిళలు ఆహార ఉత్పత్తులు చేస్తుంటే పీఎంఎఫ్ఎంఈ కింద సభ్యురాలికి రూ.40,000 దాకా సీడ్ క్యాపిటల్ ఉంది, చిన్న పనిముట్లకు, సరుకుకు. ఇది సమాఖ్యకు గ్రాంటు. సభ్యురాలికి మాత్రం అప్పు, తిరిగి సంఘానికి కట్టాలి. ఉచితమని చెప్పి ఇప్పించి, తర్వాత వసూలుకు వెళ్లి గొడవలు పడే సంఘాలున్నాయి. మొదటి రోజే మినిట్స్ పుస్తకంలో కట్టే షరతులు రాసుకోండి. కొత్తగా లోను తీసుకోవడానికి భయపడేవాళ్లకు నా దృష్టిలో ఇదే మంచి మొదలు.

పెద్ద గుంపు అయితే రైతు ఉత్పత్తిదారుల సంస్థ, ఎఫ్‌పీఓ. 2020లో వచ్చిన పదివేల ఎఫ్‌పీఓల పథకం కింద మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. మూడేళ్లలో నిర్వహణకు రూ.18 లక్షల దాకా, సభ్యులు పెట్టిన వాటాకు సరిసమానంగా ఒక్కొక్కరికి రూ.2,000 చొప్పున, సంస్థకు గరిష్ఠంగా రూ.15 లక్షల దాకా ఈక్విటీ గ్రాంటు వస్తుంది. ఆ పథకంలోనే ఇప్పటికే మీ మండలంలో ఎఫ్‌పీఓ ఉండొచ్చు. కొత్తది పెట్టే కన్నా అందులో వాటాదారుగా చేరి, వాళ్ల మెషీన్ మీద మీ గింజలు ఆడించుకోవడం ఎంతో తేలిక. సీఈఓ జీతానికి గ్రాంటు అయిపోయాక మూతపడ్డ సంస్థలు లేకపోలేదు, చేరేముందు గత రెండేళ్ల ఆడిట్ కాగితాలు చూపించమనండి.

ఉమ్మడి గోదాము, కోల్డ్ రూమ్ లాంటివాటికి వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద రూ.2 కోట్ల దాకా లోనుపై ఏడేళ్ల వరకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఇది గ్రాంటు కాదు, వడ్డీ తగ్గింపు. ప్రాజెక్టు ఆ నిధి జాబితాలోకి వస్తే పీఎంఎఫ్ఎంఈ సబ్సిడీతో కలిపి తీసుకోవచ్చు.

కొత్త ఉత్పత్తో, కొత్త పద్ధతో చేతిలో ఉన్న చదువుకున్న పిల్లలకు ఇంకో తలుపు ఉంది. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన (ఆర్‌కేవీవై) అగ్రి స్టార్టప్ కార్యక్రమం. ఆలోచన దశలో రూ.5 లక్షల దాకా, మొదలైన కంపెనీకి రూ.25 లక్షల దాకా గ్రాంటు. హైదరాబాద్‌లో మేనేజ్ సంస్థ, చిరుధాన్యాలకైతే న్యూట్రిహబ్, తిరుపతిలో ఆచార్య ఎన్జీ రంగా వర్సిటీ ఇంక్యుబేటర్ చూస్తాయి. మామూలు గానుగకు, మామూలు పచ్చళ్లకు ఇక్కడ రాదు. వెళ్లి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

దరఖాస్తు తిరస్కరిస్తే

పోర్టల్‌లో కారణం ఉంటుంది. "డాక్యుమెంట్లు సరిగా లేవు" అని ఉంటే సరిచేసి మళ్లీ పెట్టండి, అది తిరస్కరణ కింద లెక్క కాదు. "ప్రాజెక్టు లాభదాయకం కాదు" అని ఉంటే కోపం తెచ్చుకోకుండా మూడో మెట్టుకు వెళ్లి లెక్క మళ్లీ చూడండి. ఒక్కోసారి బ్యాంకు చెప్పిందే నిజమవుతుంది. ఏ కారణమూ లేకుండా ఫైలు నెలల తరబడి ఒకే చోట ఉంటే పది రూపాయల సమాచార హక్కు అర్జీ పెట్టండి: నా దరఖాస్తు మీద ఏ తేదీన ఎవరు ఏం రాశారు, నోట్ ఫైలు కాపీ ఇవ్వండి అని. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలాసార్లు జవాబుకు ముందే ఫైలు కదులుతుంది.